పెద్దమ్మ పెట్టిన కామాలు

జూన్ 3

పిచ్చుకా,

పొద్దున దీపం పెట్టి, నీ పేరు చెప్పుకుని, ఆ వేడి తగ్గకముందే ఈ కాయితం తీశాను. నువ్వు చల్లగా ఉన్నావని దేవుడు చెప్పాడు. అయినా నీ చేత్తో రాస్తే ఇంకాస్త నమ్ముతాను.

నువ్వు రాసిన పుస్తకం కాయితాల కట్ట నిన్న మా ప్రెస్సుకి చేరింది. యజమాని గారు దారం తెంపబోతుంటే, "ఆగండి, అది మా పిల్లది" అని లాక్కున్నంత పని చేశాను. ఇన్నేళ్ళలో నేను ఎవరెవరి రాతలో చదివాను. మందుల కంపెనీ కాయితాలు చదివాను, తేనెటీగల పెంపకం చదివాను, రిటైరైన ఒక జడ్జిగారి జీవితం మొత్తం చదివాను, అందులో ఆయన పెళ్ళాం ఒక్క పేజీలోనే వస్తుంది పాపం. మన ఇంటి పిల్ల రాసింది మాత్రం ఇదే మొదటిసారి. ఇంగ్లీషు వాక్యాల్లో కామాలు పెట్టడం బడిపిల్లలకి నేర్పే పుస్తకం! మీ అమ్మ నిన్ను చదువుకని నా ఇంట్లో దింపి వెళ్ళిన రోజున ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుని ఉన్నావు.

నీ పుస్తకాన్ని ఎలా తయారు చేస్తామో రాయమన్నావు. నువ్వు చేత్తో రాసి పంపినదాన్ని మేం కాపీ అంటాం. కంపోజిటరు సీసం అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి పేజీ కడతాడు. దాని మీద సిరా పూసి తీసిన కాయితం ప్రూఫు. నేను కాపీ పట్టుకుని పైకి చదువుతాను, ప్రూఫులు దిద్దే మా మాస్టారు ప్రూఫు ముందు పెట్టుకుని సరిపోయిందో లేదో చూస్తారు. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చినంత అర్థం చేసుకోవడం రాదు, నీకు తెలుసుగా. మాస్టారి చూపు ఇప్పుడు మరీ తగ్గింది. యజమాని గారికి తెలుసు, తెలియనట్టు ఉంటారు. మాస్టారు ప్రూఫు చెవితో చూస్తారని మేం నవ్వుకుంటాం. నేను ఒక్కరోజు మానేస్తే ఆ రోజు ఆయన కుర్చీ కూడా ఖాళీయే.

ప్రతి పేజీ నెత్తినా నువ్వు మాకు రాసిన సూచన చూశాను. అలాగే చేస్తాం, బెంగపెట్టుకోకు.

దగ్గు సంగతి అడుగుతావని ముందే చెబుతున్నాను, తగ్గింది. మేడమీది గది ఖాళీ చేసి కింది గదిలోకి మారాను. ఇక్కడ గాలి బాగా వస్తుంది. ఈ మధ్య ప్రార్థన కూడా పైకి పాడటం లేదు, మనసులోనే చేసుకుంటున్నాను. దేవుడికి ఏమైనా చెవుడా?

మూడో పేజీలో ఒక తాతగారు గొడుగు, చెప్పులు, కళ్ళజోడు అన్నీ ఒకేరోజు పోగొట్టుకున్నారని రాశావు. పాపం ఎవరాయన? మీ హాస్టలు వాచ్‌మనా?

నీ పెద్దమ్మ

జూన్ 9

పెద్దమ్మా,

తాతగారు ఎవరూ కాదు! వస్తువుల పేర్లు వరసగా వస్తే మధ్యలో కామాలు పెట్టాలి, దానికోసం ఆయన్ని నేనే పుట్టించి, ఆయన సామాన్లన్నీ నేనే పారేశాను. ఏడో పేజీలో జ్వరంతో పరీక్ష రాసిన పిల్ల కూడా అంతే. నువ్వు ఆ పిల్ల కోసం దేవుడికి మొక్కుకోకముందే చెబుతున్నాను.

ఇక్కడ నా పిల్లల సంగతి విను. ఏడో తరగతిలో నలభైమంది ఆడపిల్లలు. సగంమంది కామాలు అసలు పెట్టరు, వాక్యం మొదలుపెడితే సైకిలు బ్రేకు తెగినట్టు పేజీ చివర గోడకి కొట్టుకుని ఆగుతారు. మిగతా సగం ఉప్పు చల్లినట్టు చల్లుతారు. "ఇక్కడ ఎందుకు పెట్టావే?" అంటే "చాలాసేపటి నుంచి పెట్టలేదు కదా టీచర్" అంటుంది ఒకత్తె. బోర్డు మీద పది వాక్యాలు రాసి చేయిస్తే చాలదు, చేత్తో మళ్ళీ మళ్ళీ చేయాలి. అందుకే ఈ పుస్తకం. హెడ్మిస్ట్రెస్ గారు మొదట "బజార్లో దొరకవా?" అన్నారు. దొరికేవాటిలో వాక్యాలన్నీ రాజులూ ఓడలూ. మా పిల్లలకి తెలిసిన మనుషులతో రాస్తానని ఒప్పించాను.

పేజీ పైన సూచన సంగతి రాశావు. అది తప్పకుండా ఉండాలి పెద్దమ్మా, పుస్తకానికి అదే ప్రాణం. మిగతావాటిలో ఎక్కడైనా సర్దుకోవచ్చు, అందులో మాత్రం వద్దు.

దగ్గు తగ్గిందన్నావు. డాక్టరు తగ్గిందన్నాడా, నువ్వు తగ్గిందన్నావా? నేను వచ్చినప్పుడు పెద్దాసుపత్రికి వెళ్తానని నా తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చావు. ఆ తల ఇక్కడ భద్రంగా ఉంది, దాని సంగతి నువ్వు చూసుకో. మేడమీది గదిలో కిటికీ పక్కన మంచం వేసుకోవడానికి ఇంటావిడతో ఎంత వాదించావు, అలాంటిది గాలికోసం కిందకి దిగానంటున్నావు. కింద గాలి ఎక్కణ్ణించి వస్తుంది?

మీ పిచ్చుక

జూన్ 16

పిచ్చుకా,

నీ ఉత్తరం మాస్టారికి కూడా చదివి వినిపించాను. తల సంగతి వచ్చిన చోటు దాటేశాను, ఇంటి విషయాలు కదా. ఆ సూచనే పుస్తకానికి ప్రాణమని నువ్వు రాసింది విని ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"అవసరమైన చోట కామాలు పెట్టండి అని ప్రతి పేజీకీ రాసిందమ్మా మీ పిల్ల. కాపీలు రాసేవాళ్ళు చుక్కా కామా మన నెత్తిన పారేసి పోతారు, ఒక్కరు నోరు తెరిచి ఒప్పుకోరు. ఈ పిల్ల మర్యాదగా అడిగింది" అన్నారు.

నాకైతే మనసు కాస్త చివుక్కుమంది. పొద్దస్తమానం పాఠాలు చెప్పి, రాత్రి కూర్చుని ఇదంతా రాసి, ఇక కామాలు పెట్టే ఓపిక కూడా లేక వాక్యాలు బోడిగా పంపేశావు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు తల్లీ. మేం ఉన్నది దేనికి? అయినా కామాల పుస్తకంలో ఒక్క కామా లేదని బయట తెలిస్తే నిన్ను ఏమంటారు? అందుకని ఈ సంగతి మాస్టారికీ నాకూ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

పని ఇలా చేశాం. నేను పైకి చదువుతాను. నేను ఎక్కడ ఆగితే అక్కడ మాస్టారు "పెట్టు" అంటారు, నేను ఎర్ర పెన్సిలుతో పెడతాను. మనిషి చదువుతూ ఆగే చోటే కామా అని ఆయన చిన్నప్పుడు నేర్చుకున్నారట. మొత్తం పుస్తకం అలాగే పూర్తిచేశాం. పైనున్న సూచనలు మాకోసం రాసినవి కాబట్టి అచ్చులో తీసేశాం, ఎప్పుడూ అంతే చేస్తాం.

చివరి పేజీలు కాస్త కష్టంగా నడిచాయి. పక్క గదిలో కాయితాలు కోసే మిషను రోజంతా ఆడింది, తెల్లటి పొడి. కంపోజిటరు కిరసనాయిలుతో అక్షరాలు కడుగుతున్నాడు. మాస్టారు "మంచినీళ్ళు తాగి రా" అని నన్ను రెండుసార్లు లేపారు. ఆయనకి దాహం వేస్తే నన్ను తాగమంటారు, చాదస్తం.

పుస్తకాలు కుట్టి, కట్టలు కట్టి, బస్సు పార్సిలులో వేశాం. కట్ట మీద నా చేత్తోనే అడ్రసు రాశాను. వర్షం తగ్గాక ఆసుపత్రికి వెళ్తాను.

నీ పెద్దమ్మ

జూన్ 22

పెద్దమ్మా,

పుస్తకాలు అందాయి. అట్ట గట్టిగా ఉంది, కుట్టు చక్కగా ఉంది, అక్షరాలు కళ్ళకి హాయిగా ఉన్నాయి. నా పేరు అచ్చులో చూసుకుని కాసేపు అలా కూర్చుండిపోయాను. నువ్వూ మాస్టారూ ఎంత కష్టపడ్డారో ప్రతి పేజీలో కనిపిస్తోంది.

ఇవాళ పరీక్ష కాయితాలు దిద్దాలి, ఎక్కువ రాయలేను. వర్షం తగ్గిందా?

మీ పిచ్చుక

జూన్ 28

పిచ్చుకా,

"ప్రతి పేజీలో కనిపిస్తోంది" అని నువ్వు రాసిన మాట మాస్టారు మూడుసార్లు చదివించుకున్నారు. మూడోసారి నేను ఆ మాట దగ్గరికి రాకముందే ఆయనే చెప్పేశారు. యజమాని గారు నీ పుస్తకం ఒకటి బల్ల మీద పెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు. "మా కాపీ చదివే ఆవిడ వాళ్ళ అమ్మాయి" అంటున్నారు. నువ్వు నా చెల్లెలి కూతురివని సరిదిద్దబోయి ఊరుకున్నాను. ఆయన అన్నదాంట్లో తప్పేముంది?

రెండో భాగం కూడా రాస్తున్నానని వెళ్ళేటప్పుడు చెప్పావుగా. పంపించు. అందులో కూడా నువ్వు కామాల జోలికి పోకు, నీకు ఎందుకు ఆ శ్రమ? వాక్యాలు రాసి పంపు చాలు, మిగతాది మేం చూసుకుంటాం. మీ బడిలో ఇంకెవరైనా టీచర్లు ఇలా పుస్తకాలు రాస్తుంటే వాళ్ళకీ చెప్పు. మాస్టారు ఉత్సాహంగా ఉన్నారు. ఆయన ఉత్సాహంగా ఉండి చాలా కాలమైంది.

నీ మొదటి పుస్తకమని, కట్టిన పేజీలు విప్పొద్దని కంపోజిటరుని బతిమాలాను. మామూలుగా అచ్చు అవగానే అక్షరాలు విప్పి మళ్ళీ అరల్లో పోసేస్తారు. నీవి మాత్రం దారం కట్టి గోడవార పెట్టించాను. మళ్ళీ కావాలంటే మళ్ళీ అచ్చువేస్తాం.

వర్షం తగ్గింది. కానీ డాక్టరు గారు ఊళ్ళో లేరట.

నీ పెద్దమ్మ

జూలై 4

పెద్దమ్మా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. మధ్యలో లేవకు, నన్ను తిట్టకు.

నేను నీకు నిజం చెప్పలేదు. ఆ వాక్యాల్లో కామాలు కావాలనే పెట్టలేదు. పెట్టాల్సింది పిల్లలు. పెన్సిలు తీసుకుని, ఆలోచించి, వాళ్ళే పెట్టాలి, సాధన అంటే అదే. పేజీ పైన "అవసరమైన చోట కామాలు పెట్టండి" అని రాసింది పిల్లలకి, మీకు కాదు. పార్సిలు విప్పి మొదటి పేజీ చూసి నవ్వాను, రెండో పేజీ చూసి ఏడుపొచ్చింది. అవి తీసుకెళ్ళి హెడ్మిస్ట్రెస్ గారికి చూపిస్తే కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "అయితే హోంవర్కు మొత్తం మీ పెద్దమ్మగారే చేసేశారన్నమాట" అన్నారు. కోప్పడతారనుకున్నాను, కడుపు పట్టుకుని నవ్వారు.

పుస్తకాలు పారేయడానికి మనసు రాలేదు. పిల్లలకి పంచి, "ఇందులో ఏ కామా ఉండాలి, ఏది ఉండకూడదు, మీరే పట్టుకోండి" అన్నాను. పెద్దవాళ్ళ తప్పులు పట్టమంటే వాళ్ళకి పండగే కదా, ఎగబడ్డారు. వెనక బెంచీలో ఒక గడుగ్గాయి ఉంది. లేచి, "కామా ఉంటే ఆగాలి కదా టీచర్" అని, ప్రతి కామా దగ్గరా ఆగుతూ పైకి చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో చదివింది గానీ నీకు తెలుగులో చెబుతాను, ఇలా ఉంది: "మా, మామయ్య తలుపు, తీసేసరికి ఇంట్లో, ఎవరూ, లేరు." పిల్లలంతా పడీ పడీ నవ్వారు. ఇంకో పిల్ల అడిగింది: "టీచర్, ఇవి పెట్టినావిడ మెట్లెక్కుతూ పెట్టిందా?"

నేనూ నవ్వాను. చదవవే ఇంకా అన్నాను.

మొదటి పేజీల్లో కామాలు చాలావరకు సరైన చోటే ఉన్నాయి పెద్దమ్మా. మధ్యకి వచ్చేసరికి పక్కకి జరిగాయి. చివరి పేజీలకి రెండు మాటలకి ఒకటి. ఆ వెనక బెంచీ పిల్ల హాస్యానికి రొప్పుతూ చదువుతోంది. మాట, గాలి, మాట, గాలి. "చాలు, కూర్చో" అన్నాను.

అది నువ్వు చదివినట్టే ఉంది. నువ్వు ఆగిన చోటల్లా కామా పెట్టామని నువ్వే రాశావు. ఎందుకు ఆగావో మాత్రం రాయలేదు.

మేడ దిగింది గాలి కోసం కాదు, మెట్లు ఎక్కలేక. ప్రార్థన పైకి పాడటం మానింది దేవుడికి చెవులున్నాయని కాదు. మాస్టారు మంచినీళ్ళు తాగమన్నది ఆయన చాదస్తం కాదు.

ఎన్నాళ్ళ నుంచి? నాకు జవాబు కావాలి.

మీ పిచ్చుక

జూలై 9

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయాను. నలభైమంది పిల్లల ముందు, పై అధికారి ముందు నిన్ను నవ్వులపాలు చేశానా! నువ్వు బాగుందని రాస్తే నమ్మి ప్రెస్సంతా తిరిగి చెప్పుకున్నాను. యజమాని గారి బల్ల మీది పుస్తకం ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు తీసి సొరుగులో పెట్టాను. వచ్చి మళ్ళీ బయట పెట్టుకున్నారు.

కానీ దేవుడు ఒక దారి ఉంచాడు. పేజీలు విప్పలేదని చెప్పానుగా. కంపోజిటరుని పక్కకి పిలిచి అడిగాను. "కామాలు పీకడం ఎంతసేపు, చిమటాతో లాగేస్తా. కానీ అమ్మగారూ, పీకిన చోట సందు మిగులుతుంది. ఆ సందు చూసి పిల్లలు ఇక్కడే కామా ఉండేదని ఇట్టే కనిపెట్టేస్తారు" అన్నాడు. అందుకని ప్రతి వరసా వదులు చేసి, మాటలు దగ్గరికి జరిపి, మళ్ళీ బిగించాలి. చేస్తానన్నాడు. మంచివాడు. రోజూ సాయంత్రం పని అయ్యాక కాసేపు కూర్చుంటున్నాం. నేను వరస చదివి చూపిస్తే అతను సర్దుతాడు. ఈసారి సూచన కూడా పెద్ద అక్షరాల్లో పైన పెట్టిస్తాను. నీకు ఒక్క మాట రాకుండా కొత్త పుస్తకాలు పంపుతాను. పాతవి పిల్లల దగ్గర్నుంచి వెనక్కి తీసుకో. ముఖ్యంగా ఆ వెనక బెంచీ పిల్ల దగ్గర.

మాస్టారికి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పను? ఆయన తన పేరు కూడా పుస్తకంలో ఎక్కడో ఉన్నట్టే మురిసిపోతున్నారు.

నీ పెద్దమ్మ

జూలై 13

పెద్దమ్మా,

కామాల గురించి కాదు!

నేను రాసింది ఒకటి, నువ్వు చదువుకుంది ఒకటి. కొత్త పుస్తకాలు నాకు వద్దు. పిల్లలకి ఈ పుస్తకమే నచ్చింది, తప్పులు పట్టడంలో ఒక్కొక్కరూ నన్ను మించిపోయారు. నేను అడిగింది నీ ఊపిరి గురించి. దానికి జవాబుగా రెండు పేజీల సీసం అక్షరాలు రాశావు. పైగా ఇప్పుడు రోజంతా చదివింది చాలక సాయంత్రాలు కూడా ఆ పొడిలో కూర్చుంటున్నావు! తప్పంతా నాదే. మొదటిరోజే నిజం చెబితే నువ్వు ఈ పని నెత్తికి ఎత్తుకునేదానివి కాదు.

అమ్మకి రాస్తానని బెదిరించను. నీకన్నా ముందు తను మంచం పడుతుంది. అందుకని మాస్టారికి రాశాను. ఇవాళే పోస్టు చేస్తున్నాను. నువ్వు చెప్పకపోతే ఆయన చెబుతారు.

మీ పిచ్చుక

జూలై 18

పిచ్చుకా,

నీకు తెలివి ఎక్కువో తక్కువో ఇన్నాళ్ళయినా నాకు అంతుపట్టలేదు. మాస్టారికి ఉత్తరం రాస్తే చదివేది నేనే, ఆయన జవాబు చెబితే రాసేదీ నేనే అని నీకు తట్టలేదా? లేక తట్టే రాశావా?

నిన్న మధ్యాహ్నం పోస్టుమాను తెచ్చి ఆయన చేతికిచ్చాడు. ఆయన కవరు తడిమి, "మీ పిల్ల చేతిరాత గుర్తుపట్టగలను, పెన్ను బాగా నొక్కి రాస్తుంది. చదువమ్మా" అని నాకిచ్చారు. విప్పాను. కళ్ళతో రెండు వరసలు ముందుకి వెళ్ళాను. "మా పెద్దమ్మ చదువుతుంటే మీకు ఏం వినిపిస్తోందో దయచేసి నిజం చెప్పండి" అని ఉంది. ఆయన తల వంచి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఎదురుచూస్తున్నారు.

వేరే మాటలు చదివేద్దామనుకున్నాను. మీ ఆరోగ్యం ఎలా ఉంది మాస్టారూ, మీ మేలు మరచిపోను, అలాంటివి నోటి చివరిదాకా వచ్చాయి. ఆయనకి ఎలా తెలుస్తుంది? కానీ తల్లీ, నా వల్ల కాలేదు. చూపు లేని మనిషి ముందు కూర్చుని, కాయితం మీద లేనిది చదివితే ఇక నేను పొద్దున్నే దేవుడి ముందు ఏ మొహం పెట్టుకుని కూర్చోను? ఉన్నది ఉన్నట్టు చదివాను. "మేడ మెట్లు ఎక్కలేకపోతోంది" అన్న చోట ఆగాను. "నాకు భయంగా ఉంది" అన్న చోట ఆగాను. మొత్తం చదవడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఎప్పుడో కాయితాలు కోసే మిషను ఆగిపోయింది. ఎవరు ఆపారో చూడలేదు.

చదవడం అయ్యాక మాస్టారు అన్నారు: "వానలకి ముందు నుంచీ వింటున్నానమ్మా. నువ్వే చెబుతావని చూశాను."

నాకు కోపం వచ్చింది. నాకు కోపం రావడం నువ్వు ఎప్పుడైనా చూశావా? "వినిపిస్తుంటే మరి కామాలెందుకు పెట్టమన్నారు? అవి కామాల చోట్లు కావని మీకు తెలియదా?" అన్నాను.

"కొన్ని తెలుసు, కొన్ని తెలియవు" అన్నారు. "నువ్వు ఆగినప్పుడల్లా నేను మాట్లాడకుండా ఉంటే ఆ గదిలో నీ ఆయాసం ఒక్కటే వినపడేది. నీకూ వినపడేది, బయటివాళ్ళకీ వినపడేది. 'పెట్టు' అంటే పనికోసం ఆగినట్టు ఉంటుంది కదా. నా కళ్ళ సంగతి నువ్వు ఎవరికీ తెలియనివ్వలేదు. నేను చేయగలిగింది అదొక్కటే."

తల తిప్పి చూస్తే గుమ్మంలో యజమాని గారు నిలబడి ఉన్నారు. ఎప్పటి నుంచి ఉన్నారో తెలియదు. ఆయనకి చెవులు బాగా వినిపిస్తాయి, కళ్ళూ బాగా కనిపిస్తాయి. మా ఇద్దరి కుర్చీలూ పోయాయనే అనుకున్నాను. ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఆవిడ కళ్ళూ, ఈయన చెవులూ కలిస్తే నా ప్రెస్సుకి ఒక పూర్తి మనిషి అనుకున్నాను. ఊపిరి సంగతి లెక్కలోకి తీసుకోలేదు" అన్నారు. తర్వాత నాతో, "ముందు డాక్టరు ఏమంటాడో విని రండి. కుర్చీ సంగతి అప్పుడు మాట్లాడదాం" అన్నారు. ఆ మాట మంచికో చెడుకో నాకు తెలియలేదు. మిషను మాత్రం సాయంత్రం దాకా ఆడలేదు.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. చలికాలం చివరి నుంచి. మొదట మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, తర్వాత చదివితే, ఇప్పుడు పడుకుంటే కూడా. దిండు నిలబెట్టి కూర్చుని నిద్రపోతున్నాను.

డాక్టరు ఊళ్ళో లేరని రాశాను కదా, ఉన్నారు. నేను గేటు దాకా వెళ్ళి వచ్చేశాను. ఇంకోసారి లోపల బెంచీ దాకా వెళ్ళాను. పక్కన కూర్చున్న ఒకావిడ చెప్పింది, ఊపిరి లోపలికి పీల్చి బిగపట్టి ఉండమంటారట, ఎంతసేపు పట్టగలిగితే దాన్నిబట్టి తెలిసిపోతుందట. లేచి వచ్చేశాను. నేను పట్టలేకపోతే? పైకి చదవొద్దంటే? నాకు వచ్చిన పని అదొక్కటే. అంతా దేవుడికి అప్పగించేశానని నాకు నేను చెప్పుకున్నాను. నిన్న మాస్టారితో కూడా అదే అన్నాను. ఆయన మెల్లగా, "దేవుడికి అప్పగించినవాళ్ళు గేటు దాకా వెళ్ళి తిరిగి రారమ్మా, లోపలికి వెళ్తారు" అన్నారు.

నువ్వు ఉద్యోగంలో కొత్త, సెలవు అడగకూడదని, నా కోసం పాఠాలు మానకూడదని నీకు ఎప్పుడూ చెబుతూ వచ్చాను. ఇప్పుడు చెప్పను. సోమవారం డాక్టరు ఉంటారట, కనుక్కున్నాను. ఆదివారం బయలుదేరి రా తల్లీ. పేరు పిలిచినప్పుడు నన్ను లేవదీసి లోపలికి తీసుకెళ్ళు. ఆయన అడిగినవాటికి నేను చెప్పగలిగినంత చెబుతాను, తగ్గించి చెబుతున్నానని అనిపిస్తే నువ్వు అడ్డం పడు.

నీ పెద్దమ్మ